ఒకటీ పాయింట్ ఒకటి

మా అంబులెన్సు కంట్రోల్ రూములో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరూ "పాయింట్ సారు" అనేవారు. అది వెక్కిరింతని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. అప్పటిదాకా గౌరవమనుకుని, అలా పిలిచినప్పుడల్లా భుజాలు కాస్త పైకెత్తి మరీ పలికేవాణ్ణి.

నేను వైర్‌లెస్ మెకానిక్‌ని. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. ఊరి చుట్టూ ఆరు చోట్ల మా బండ్లు కాచుకుని ఉండేవి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఫోను కంట్రోల్ రూముకొచ్చేది. ఆపరేటరమ్మ వైర్‌లెస్‌లో దగ్గర్లో ఉన్న బండిని పిలిచేది. ఆ పిలుపు గదిలోని పెట్టెలోంచి బయల్దేరి, బొటనవేలంత లావున్న నల్ల కేబుల్ వెంట మేడ మీది టవరెక్కి, కొసనున్న యాంటెన్నాలోంచి గాలిలోకి దూకాలి. పెట్టె నుంచి యాంటెన్నా దాకా డెబ్భై మీటర్ల దారి. ఆ దారి నాది. దానికి అటూ ఇటూ ప్రపంచం ఏమైపోతున్నా నాకు పెద్దగా పట్టేది కాదు.

ఆ దారి గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా తెలివి ఏపాటిదో మీకు అందదు. కేబులూ యాంటెన్నా రెండూ విద్యుత్తుకి ఒకే తీరున దారివ్వాలి. దాన్నే ఇంపిడెన్స్ మ్యాచింగ్ అంటారు. ఆ పొత్తు కుదిరితే పంపినదంతా గాలిలోకి పోతుంది. కుదరకపోతే కొంత పైదాకా వెళ్ళి, అలిగిన చుట్టంలా గుమ్మంలోంచే వెనక్కొచ్చేస్తుంది. వెళ్ళే అలలూ తిరిగొచ్చే అలలూ కలిసి కేబుల్లో ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా నిలబడిపోతాయి. ఆ ఎత్తుకీ పల్లానికీ ఉన్న నిష్పత్తి పేరు ఎస్‌డబ్ల్యూఆర్. ఒకటి అంటే ఏమీ తిరిగి రాలేదని. ఒకటిన్నర అంటే నూటికి నాలుగు పాళ్ళు తిరిగొచ్చిందని. ఒకటిన్నరతో ఏ బండికీ ఏ లోటూ ఉండదు, అంతటితో ఊరుకోండి అని పుస్తకాలన్నీ మొత్తుకుంటాయి. పుస్తకాలు చదవడం నాకు వచ్చు. ఊరుకోవడమే రాదు.

నేను చేరినప్పుడు మా మీటరు ఒకటిన్నరే చూపించేది. అది నాకు తల కొట్టేసినట్టుండేది. టవరు కొసన కేబులూ యాంటెన్నా కలిసే చోట కనెక్టరు పాతదైందని కొత్తది తెప్పించాను. దాన్ని బిగించి, పైన వాననీళ్ళు దిగకుండా రబ్బరు టేపు చుట్టాలి. ఈ టేపు చుట్టే పని మీద నేను కొత్తగా చేరిన వాళ్ళకి గంటసేపు పాఠం చెప్పేవాణ్ణి. కింద మొదలుపెట్టి పైకి చుట్టాలి, అప్పుడు పై చుట్టు కింది చుట్టు మీద పెంకుటింటి కప్పులా కప్పుకుంటుంది, నీళ్ళు జారిపోతాయి. పైనుంచి కిందికి చుడితే ప్రతి చుట్టూ నోరు తెరుచుకుని నీళ్ళని లోపలికి పిలుస్తుంది. ఇంత చక్కటి పాఠం చెప్పినవాణ్ణి, ఆ రోజు ఎవర్నీ నమ్మకుండా నేనే టవరెక్కాను.

నాకు ఎత్తంటే భయం. మేడ మీద బట్టలారేయడానికి వెళ్ళినా గోడకి ఆనుకుని నడుస్తాను. టవరు కొసకెళ్ళేసరికి మోకాళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. కళ్ళు సగం మూసుకుని, టేపు పైనుంచి మొదలుపెట్టాను. ఎందుకంటే అలా చుడుతుంటే ప్రతి చుట్టుకీ ఒక అంగుళం నేలకి దగ్గరవుతున్నానని ధైర్యంగా ఉంది. కిందికి దిగాక రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఎలా చుట్టానో మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. అంతకంటే అవమానకరమైన సంగతి ఇంకొకటి నా దగ్గర లేదు.

కొత్త కనెక్టరు పెట్టినా మీటరు ఒకటిన్నర దగ్గరే ఉంది. ఆ తర్వాత వానాకాలం వచ్చి వెళ్ళింది. మీటరు ఒకటీ పాయింట్ నాలుగుకి దిగింది. మరో వానాకాలానికి పాయింట్ రెండు. మూడో ఏడు ఒకటీ పాయింట్ ఒకటి. నేను ఏమీ ముట్టుకోలేదు. తనంతట తనే బాగుపడుతూ వచ్చింది. ఏ బుద్ధున్నవాడైనా ఎందుకిలా అని బుర్ర గోక్కుంటాడు. నేను "చేతి చలువ" అనుకున్నాను. లాగ్ బుక్కులో ఆ అంకె ఎర్ర సిరాతో రాసి కింద సంతకం పెట్టేవాణ్ణి. ఒకసారి డాక్టరు దగ్గరికెళితే, ఆయన నా బీపీ ఎంతో చెబుతుంటే నేను నా ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో చెప్పాను. ఆయన ఓపిగ్గా విని మాత్ర మార్చాడు.

ఇక మా బావమరిది సంగతి. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. వాళ్ళమ్మ పోయాక ఈవిడే పెంచింది, అక్షరాలు దిద్దించింది. రాస్తున్న ప్రతి మాటా పైకి చదువుకుంటూ రాయడం వాడికి అప్పటి అలవాటు, పెద్దయ్యాక కూడా పోలేదు. వాడు మా దగ్గరే డ్రైవరు. ఆరు పోస్టుల్లోకీ దూరమైంది వాడిది, పన్నెండు కిలోమీటర్ల అవతల, రాళ్ళ క్వారీల దగ్గర కూడలిలో రేకుల షెడ్డు. క్వారీ ఆఫీసులో ఫోనుంది గానీ షెడ్డులో లేదు. వాడికున్నదల్లా వైర్‌లెస్సే.

ఆ ఏడాది వాడు పిలుపులకి పలకడం మానేశాడు. ఆపరేటరమ్మ పిలుస్తుంది, అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. అడిగితే "పిలుపు రాలేదు" అంటాడు. నేను వాడి బండిలో సెట్టు మూడుసార్లు మార్చాను. బండి మీది యాంటెన్నా మార్చాను. దగ్గరి పోస్టుల వాళ్ళకి ఇబ్బందేమీ లేదు. మా లైను చూస్తే ఒకటీ పాయింట్ ఒకటి. లెక్క ప్రకారం ఇక మిగిలింది వాడి చెవులు. నేనే దగ్గరుండి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పక్కగదిలో గుండుసూది పడినా వినగలడని ఆ డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. దాంతో వాడి పని మరీ అయిపోయింది. చెవులు బాగున్నవాడికి పిలుపు వినపడలేదంటే నిద్రపోతున్నాడనే కదా.

అప్పుడే వాడు నాకొక నోటుబుక్కు తెచ్చి చూపించాడు. "బావా, నేను కూడా మీకోసం పిలుస్తూనే ఉన్నాను, చూడు. టైముతో సహా రాశాను." పేజీలకి పేజీలు. *తొమ్మిదీ పది. పిలిచాను. జవాబు లేదు. తొమ్మిదీ నలభై. పిలిచాను. జవాబు లేదు.* నేను రెండు పేజీలు తిప్పి, "అన్నీ ఒకే పెన్నుతో ఉన్నాయి. ఒక్క పూట కూర్చుని రాశావట్రా?" అన్నాను. ఆ జోకుకి నేనే నవ్వాను. వాడు బుక్కు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల క్వారీలో ఒక కూలీ కాలు మీద రాయి పడింది. మా వాణ్ణి మూడుసార్లు పిలిచారు. జవాబు లేదు. ఊళ్ళోంచి ఇంకో బండి వెళ్ళేసరికి నలభై నిమిషాలు పట్టింది. కాలు దక్కింది గానీ కుంటు మిగిలిపోయింది. మా వాడి షెడ్డు ఆ క్వారీకి మూడు ఫర్లాంగుల దూరం. డ్యూటీలో నిద్రపోయాడని కేసు పెట్టారు. శుక్రవారం విచారణ. నేరం రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, ఇంకెక్కడా స్టీరింగు పట్టుకోనివ్వరు.

ఇంట్లో మా ఆవిడ, "మా తమ్ముడు అబద్ధం చెప్పడండీ" అంది. మీటరు అబద్ధం చెప్పదన్నాను. ఇంకోసారి అంది. నేను ఇంపిడెన్స్ మ్యాచింగు మొదలుపెట్టాను. ఆ తర్వాత ఆవిడ మాట్లాడటం మానేసింది. ఏమన్నా "సరే" అనేది. అన్నం పెట్టేది, "సరే" అనేది. విషయం అర్థమైంది, ఒప్పుకుంది అనుకున్నాను. "మా ఇంట్లో ఎదురుమాటే ఉండదు" అని ఆఫీసులో కాలరెగరేశాను కూడా.

గురువారం మధ్యాహ్నం సూపరింటెండెంటు మా గదికొచ్చాడు. విచారణ ఫైల్లో పెట్టడానికి లైను బాగుందని నా చేత సర్టిఫికెట్ కావాలట. ఆ పూట టవరుకి రంగు వేయిస్తున్నారు. పైన మనిషున్నప్పుడు పెద్ద సెట్టు వాడకూడదు, అందుకని ఆపరేటరమ్మ బాల్కనీలో చిన్న యాంటెన్నా పెట్టుకుని స్పేరు సెట్టుతో పని నడుపుతోంది. పెయింటరు భోజనానికి కిందికి దిగాడని అడిగి తెలుసుకుని, పెద్ద సెట్టు ఆన్ చేశాను. మైకు బటను నొక్కి, "ఇలా రండి, మీరే చూడండి" అన్నాను. ముల్లు ఒకటీ పాయింట్ ఒకటి దగ్గర ఒద్దిగ్గా కూర్చుంది.

"అంటే బాగున్నట్టేనా?" అన్నాడాయన.

"ఇంతకంటే బాగుండటం ఈ లోకంలో కుదరదండీ."

సర్టిఫికెట్ రాసి, ఆ అంకె కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టాను. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కుందామని వరండాలోకి వెళ్ళాను. అక్కడ పాత పేపర్లు పరిచి, వాటి మీద నిలువెత్తు కడ్డీ ఒకటి పడుకోబెట్టి ఉంది. దాని బిగింపులకి బూడిద రంగు పచ్చిగా మెరుస్తోంది. పక్కనే పెయింటరు గోడకి చేరగిలబడి క్యారేజీ విప్పుకుంటున్నాడు.

"ఇదేంటి?" అన్నాను.

"యాంటెన్నా సార్. ముట్టుకోకండి, రంగు ఆరలేదు."

"ఏ యాంటెన్నా?"

"మనకెన్నున్నాయి సార్? పైదే. పొద్దున్నే విప్పి దించాను. మీరే కదా కాగితం మీద సంతకం పెట్టారు."

పెట్టాను. చదవకుండా పెట్టాను.

లోపలికి పరిగెత్తి మళ్ళీ బటను నొక్కాను. ఒకటీ పాయింట్ ఒకటి. యాంటెన్నా వరండాలో ఎండ కాగుతోంది, కేబులు పైకొస ఆకాశంలో దిక్కులేకుండా వేలాడుతోంది. పంపినదంతా వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చి మీటరు ముల్లు విరిగిపోయేలా కొట్టుకోవాలి. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏమీ తిరిగి రావడం లేదంటే, ఏమీ పైదాకా వెళ్ళడం లేదన్నమాట. పంపినదాన్ని కేబులే దారిలో తినేస్తోంది. తిరుగు దారిలో మిగిలిన ముక్కని కూడా తినేస్తోంది. మూడు వానాకాలాలు నీళ్ళు తాగి, నా కేబులు బాగుపడిందని నేను మురిసిపోయిన ప్రతి పాయింటుకీ మా పిలుపు గొంతు ఇంకాస్త నొక్కింది. బయటికి పోవడమే కాదు, బయట నుంచి వచ్చే గొంతులనీ అలాగే మింగింది. దగ్గరి బండ్ల గొంతు మిగిలింది. దూరంగా ఉన్నవాడిది మిగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది టేపు. మోకాళ్ళు, సగం మూసిన కళ్ళు, అంగుళం అంగుళం నేలకి దగ్గరవడం, అన్నీ గుర్తొచ్చాయి.

నేను గొప్పవాణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు కాబట్టి చెబుతున్నాను: నాకు మొదట తట్టింది న్యాయం కాదు. వచ్చే వారం గప్‌చుప్‌గా కేబులు మార్చేస్తే సరి, ఎవరికీ తెలియదు అనే తట్టింది. సూపరింటెండెంటుకి ఎస్‌డబ్ల్యూఆర్ అంటే మందు పేరో మనిషి పేరో తెలియదు. సర్టిఫికెట్ ఫైల్లో ఉంది. పెయింటరుకి కావలసింది రంగు ఆరడం. ఈ ఆలోచన నా బుర్రలో పావుగంట కూర్చుంది, దానికి నేను కుర్చీ కూడా వేశాను. అప్పుడు ఆ నోటుబుక్కు జ్ఞాపకమొచ్చింది. *పిలిచాను. జవాబు లేదు.* వాడు అలా రాసుకుంటున్న వేళల్లో నేను ఈ కుర్చీలోనే కూర్చుని, దూరం పోస్టు నుంచి ఏ పిలుపూ లేదని ఎర్ర సిరాతో రాస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం ఇంటికెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడకి అంతా చెప్పాను. టేపు సంగతితో సహా. ఆవిడ స్టవ్ ఆర్పి నా వైపు తిరిగింది.

"ఇదంతా రేపు అక్కడ చెబుతారా?"

"చెబుతాను."

"నాకు చెప్పినంత తేలిక కాదు."

"తెలుసు."

"సంతకం మీరే పెట్టారని చెబుతారా? టేపు మీరే చుట్టారని?"

"అన్నీ చెబుతాను. నువ్వు ఒప్పుకున్నావనుకున్నాను, ఇన్నాళ్ళూ సరే సరే అంటుంటే..."

అంతే. నెల రోజులుగా లోపల దాచిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఒప్పుకున్నానా? గోడకి చెప్పుకుంటే గోడన్నా వింటుందని ఊరుకున్నాను! వాడికి రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు, మీరు వాణ్ణి చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళతారా? ఆ డాక్టరేదో మీ చెవులు చూడాల్సింది!" ఇంకా చాలా అంది. అన్నీ నిజాలే కాబట్టి రాయను. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి విన్నాను. ఇంట్లో మళ్ళీ మాట వినపడుతున్నందుకు, తిట్లు తింటూనే, నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, గోడ దగ్గర కేబుల్ని మూరెడు ముక్క కోశాను. రెండు కొసలూ గుడ్డతో కట్టి, సంచిలో పెట్టుకుని విచారణకి వెళ్ళాను. బల్ల వెనక ఆఫీసరమ్మ, పక్కన సూపరింటెండెంటు. ఎదురుగా మా వాడు, ఉతికిన యూనిఫాంలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. నా వైపు చూడలేదు.

"మేడమ్, నిన్న నేనిచ్చిన సర్టిఫికెట్ తప్పు," అన్నాను. "నేను ఆ అంకె చూసి సంతకం పెట్టినప్పుడు యాంటెన్నా టవరు మీద లేదు. వరండాలో ఉంది."

సూపరింటెండెంటు ముందుకి వంగాడు. "యాంటెన్నా లేకపోయినా అంత బాగా చూపించిందంటే ఇంకా మంచిదే కదయ్యా?"

"మూడేళ్ళుగా నేనూ అదే అనుకుంటున్నానండీ."

ఆఫీసరమ్మ ముందున్న కాఫీ కప్పు పక్కన సాసరు ఖాళీగా ఉంది. గుడ్డ విప్పి, కేబులు ముక్కని దాని మీద వంచాను. మొదట ఏమీ రాలేదు. జీవితంలో మొదటిసారి నా కేబుల్లో నీళ్ళుండాలని కోరుకుంటున్నాను, అవి రావడం లేదు. అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాక, పచ్చటి నీళ్ళు ఒక చెంచాడు, వాటి వెంట మెరిసే రాగి అల్లిక ఉండాల్సిన చోటు నుంచి నల్లటి పొడి, సాసరులోకి జారాయి.

"ఇవి లోపలికెలా వెళ్ళాయి?" అందావిడ.

"నేను టేపు తలకిందులుగా చుట్టానండీ. ఎత్తంటే భయమేసి."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది. నోటుబుక్కు సంగతి కూడా నేనే చెప్పాక, ఆఫీసరమ్మ దాన్ని మా వాడి దగ్గర అడిగి తీసుకుంది. నేను రెండు పేజీల దగ్గర ఆపేసిన దాన్ని ఆవిడ చివరిదాకా చదివింది. ప్రమాదం జరిగిన రోజు పేజీ పైకి చదివింది. *పదకొండూ అయిదు. పిలిచాను. జవాబు లేదు. పదకొండూ ఇరవై. పిలిచాను. జవాబు లేదు. పదకొండూ ముప్ఫై. క్వారీ వైపు జనం పరిగెడుతున్నారు. ఏంటని అడుగుదామని పిలిచాను. జవాబు లేదు. పోస్టు వదలకూడదని ఆగాను.* అక్కడ ఆవిడ ఆపింది. మా వాడు నేల చూస్తూ, "వెళ్ళాల్సింది మేడమ్. చెప్పకుండా పోస్టు వదిలితే మెమో ఇస్తారని భయపడ్డాను" అన్నాడు. ఆ మెమో నియమం టైపు చేసి షెడ్డు గోడకి అంటించింది కూడా నేనే.

మా వాడి మీద కేసు కొట్టేశారు. నాకు మెమో ఇచ్చారు, లాగ్ బుక్కు ఏణ్ణర్థం నా చేతికివ్వొద్దన్నారు. ఆ కుంటుతున్న కూలీ ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన నా మాటలన్నీ విని, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అక్కడ జరిగింది అంతే, దాని మీద హాస్యమాడే తెలివి నాకు లేదు.

పది రోజుల్లో కొత్త కేబులొచ్చింది. టేపు పెయింటరు చుట్టాడు, కింది నుంచి పైకి. నేను నేల మీద నిలబడి మెడ నొప్పెట్టేలా చూశాను. సెట్టు ఆన్ చేస్తే మీటరు ఒకటిన్నర చూపించింది.

"ఒకటిన్నరా!" అన్నాడు సూపరింటెండెంటు. "పాతదే నయం కదయ్యా."

ఆపరేటరమ్మ లేచి మైకు నా చేతికిచ్చింది. ముందు దూరం పోస్టుతో పరీక్ష చేయాలి. నేను నోరు తెరిచేలోగానే పెట్టె పలికింది. "కంట్రోల్, కంట్రోల్, క్వారీ పోస్టు. వినపడుతోందా?" ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందంటే, వెనక రాళ్ళు పగలగొట్టే మిషను చప్పుడు కూడా వినపడుతోంది. ఏదో ఒక వేళాకోళం అనాలని పొద్దుట్నుంచి సిద్ధం చేసుకున్నాను. ఒక్క ముక్కా గుర్తురాలేదు. బటను మీద వేలు నొక్కకుండానే ఉండిపోయింది.

కాసేపటికి పెట్టె మళ్ళీ చిటపటలాడింది. వాడు బటను నొక్కిపట్టే కాగితం తిప్పుతున్నాడు. రాస్తున్న మాటలు పైకి చదువుకుంటూ, తాపీగా, అలవాటైపోయిన గొంతుతో అంటున్నాడు: "పదీ ఇరవై. పిలిచాను. జవాబు లేదు."

"ఉన్నానురా!" అని బటను నొక్కి అరిచాను. "ఉన్నాను, ఇక్కడే ఉన్నాను. చెరిపెయ్యరా ఆ లైను."

వాడు మళ్ళీ బటను నొక్కాడు, మిషను చప్పుడు వచ్చింది.

"పెన్నుతో రాశాను బావా," అన్నాడు. "చెరగదు."